బిళ్ల ఇవ్వని పిల్ల

పదినెలల పిల్ల నాలుగు రోజులు విశాఖపట్నం వెళ్ళి రావాలంటే ఎంత సామాను కావాలో ఇన్నమ్మకు తెలుసు. ఆ సామాను పట్టే సంచినే ఇంకా ఎవరూ కుట్టలేదు. మంచం మీద ఎర్ర సంచి నోరు తెరుచుకుని కూర్చుంది. కోడలు తబితా అందులో డైపర్లు సర్దింది. ఇన్నమ్మ వాటి మీద పాత నూలు చీర చింపిన గుడ్డలు పెట్టింది. తబితా గుడ్డలు తీసి పాలపొడి డబ్బా పెట్టింది. ఇన్నమ్మ డబ్బా తీసి, కళ్ళజోడు సవరించుకుని, అడుగున ఉన్న తేదీ చదివి, మళ్ళీ పెట్టి, దాని పక్కన గుడ్డలు దూర్చింది. ఆపైన ఉగ్గుగిన్నె, వాము పొట్లం, గొడుగులా తెరుచుకునే దోమతెర. సంచి జిప్పు సగం దాకా వచ్చి ఆగింది.

ఇన్నమ్మ బడి మొహం చూడలేదు. పెళ్ళయ్యాక, చర్చిలో పాస్టరు చదివిన వాక్యాలు గుర్తుంచుకుని, ఇంటికొచ్చి బైబిల్లో ఆ మాటల కింద వేలు జరుపుతూ అక్షరాలు పట్టుకుంది. ఒకసారి పట్టుబడ్డాక ఇక వదల్లేదు. మందు సీసాలు, అట్టపెట్టెలు, బజ్జీలు కట్టిచ్చిన కాగితాలు, అన్నీ చదివేది. పేపరైతే రోజూ మొదటి అక్షరం నుంచి చివరి దాకా. అందులోనూ ప్రయాణాలు చెడిన వార్తలు ముందు.

అందుకే ఈ ప్రయాణం ఖాయం కావడానికి నెల పట్టింది. ఇన్నమ్మ కొడుకు జయరాజ్ ఇల్లందు ఓపెన్‌కాస్టు బొగ్గుగనిలో డంపర్ నడుపుతాడు. సెలవు దొరకగానే మొదట పాపికొండలన్నాడు. భద్రాచలం దాకా బస్సు, అక్కడినుంచి ఇంకాస్త దూరం పోతే లాంచీ. ఇన్నమ్మ కాదనలేదు. గోదావరిలో నీళ్ళు పెరుగుతున్నాయన్న వార్త చింపి కొడుకు అన్నం పళ్ళెం పక్కన పెట్టింది, అంతే. తర్వాత అరకు అనుకున్నారు. మర్నాటికల్లా పళ్ళెం పక్కన పొగమంచు వచ్చి చేరింది. చివరికి తబితా, తను పుట్టి బుద్ధెరిగి సముద్రం చూడలేదని, ఈసారి చూసి తీరాల్సిందేనని తేల్చి చెప్పింది.

"సముద్రానికి గోడ ఉంటదా?" అని అడిగింది ఇన్నమ్మ.

"ఉండదత్తయ్యా. నేనే గోడలా నిలబడతాలెండి" అంది తబితా.

ఇన్నమ్మను కూడా రమ్మన్నారు. ఒకసారి కాదు, వారమంతా బతిమాలారు. మోకాళ్ళన్నది, బస్సు పడదన్నది, ఆఖరికి అసలు మాట అనేసింది.

"అందరు దిగితే ల్యాంపు రూంల ఎవరుండాలె?"

ఆ మాటకు అర్థం ఆ ఇంట్లో అందరికీ తెలుసు. కాలం చేసిన ఆమె భర్త సంసోను బొగ్గుబాయి ల్యాంపు రూంలో పనిచేసేవాడు. బాయిలోకి దిగే ప్రతి మనిషీ తన నంబరున్న ఇత్తడి బిళ్ల కిటికీలోంచి ఇచ్చి, తలకు కట్టుకునే దీపం తీసుకుంటాడు. పైకొచ్చాక దీపం ఇచ్చి బిళ్ల తీసుకుంటాడు. షిఫ్టు అయిపోయాక కూడా మేకుకు బిళ్ల వేలాడుతుందంటే ఆ మనిషి ఇంకా కిందే ఉన్నాడని లెక్క. ఒకరి బిళ్ల ఇంకొకరు తెస్తే సంసోను ముట్టేవాడు కాదు, తెచ్చింది సొంత తమ్ముడైనా సరే. పెళ్ళయిన కొత్తలో ఆయనే తలుపు వెనక చెక్క బిగించి మేకులు కొట్టాడు. గడప దాటే ప్రతి ఒక్కరూ తమ చేత్తో ఏదో ఒకటి ఇన్నమ్మ చేతికిచ్చి పోవాలి, వచ్చాక తీసుకోవాలి. ఆయన పోయినా ఆ పద్ధతి పోలేదు. జయరాజ్ డ్యూటీకి వెళ్తూ ఆగిపోయిన గడియారం ఇస్తాడు. తబితా సత్తుపల్లి వైపు పిల్ల. కాపురానికి వచ్చిన కొత్తలో, కూరగాయలకు వెళ్తూ జడక్లిప్పు ఇచ్చి, "రసీదు ఇవ్వరా అత్తయ్యా?" అని నవ్వేది.

మనవరాలు జెమీమాతో ఆ అవసరం ఇంతవరకూ రాలేదు. చర్చికైనా, సూదిమందుకైనా, నాన్నమ్మ చంకనెక్కే గడప దాటింది. నాన్నమ్మ లేకుండా బయటికి పోవడం ఇదే మొదలు. పాపకు చిన్న జలుబైనా చేయకూడదా, ప్రయాణం ఆగిపోను, అని ఒక పొద్దు ఇన్నమ్మకు అనిపించింది. అనిపించినందుకు వెంటనే ప్రభువును క్షమించమని వేడుకుంది. ఆ తలపు మాత్రం మనసులో ఏదో మూల అలాగే ఉండిపోయింది.

బయల్దేరే రోజు డ్రైవరు దేవ్‌సింగ్ కిరాయి కారు తెచ్చి గుమ్మం ముందు పెట్టాడు. ఖమ్మం స్టేషను దాకా అతనిదే పూచీ. ప్రార్థన అయింది. జయరాజ్ గడియారం ఇచ్చాడు, తబితా క్లిప్పు ఇచ్చింది. ఇన్నమ్మ రెండూ మేకులకు తగిలించి, వచ్చి మనవరాలి ముందు అరచెయ్యి చాపింది.

జెమీమా చేతిలో పచ్చ రంగు ప్లాస్టిక్ చెంచా ఉంది.

"ఇయ్యి, నా తల్లి."

జెమీమా చెంచాను చూసింది, అరచేతిని చూసింది. ఉన్న రెండు పళ్ళూ కనబడేలా నవ్వి, చెంచాను తెచ్చి నాన్నమ్మ అరచేతిలో పెట్టింది. పెట్టి వదల్లేదు. ఇన్నమ్మ వేళ్ళు ముడవబోయేలోగా లాక్కుంది. మళ్ళీ పెట్టింది, మళ్ళీ లాక్కుంది. ఈ ఆట పాపకు బాగా నచ్చింది.

జయరాజ్ బిస్కెట్ చూపించి బేరం పెట్టాడు. జెమీమా రెండో చేత్తో బిస్కెట్ అందుకుంది. ఇప్పుడు రెండు చేతులూ నిండుగా ఉన్నాయి, రెండూ ఇచ్చే చేతులు కావు. హారన్ కొట్టి కొట్టి విసిగి దేవ్‌సింగ్ లోపలికొచ్చాడు. సంగతేమిటో విని, తాళంచెవుల గుత్తి ఆడించి చూశాడు. జెమీమా దానికోసం నోరు చాపింది గాని చెయ్యి చాపలేదు.

"గట్టి పట్టే పెద్దమ్మా. రేపు సర్పంచ్ అయితది, సీటు ఇడువది" అన్నాడు దేవ్‌సింగ్.

అంతలో జెమీమా చెంచాను దూరంగా విసిరేసింది. ఇచ్చేసింది, ఇచ్చేసిందని జయరాజ్ సంచి భుజానికెత్తుకున్నాడు. ఇన్నమ్మ కదల్లేదు.

"పారేసింది. ఇచ్చుడు వేరు, పారేసుడు వేరు."

చెంచా కోసం జెమీమా రాగం తీసింది. చెంచా మళ్ళీ ఆమె చేతికే వచ్చింది. పాప తరఫున తానిస్తానని జయరాజ్ చెయ్యి చాపాడు గాని, తల్లి ముఖం చూసి, తండ్రి కిటికీ గుర్తొచ్చి కాబోలు, తానే దించుకున్నాడు. ఇక బయల్దేరకపోతే రైలు అందదని దేవ్‌సింగ్ గొణిగాడు.

అప్పుడు తబితా చెప్పులు విడిచి, పాపతో వచ్చి మంచం మీద కూర్చుంది.

"వద్దులెండి అత్తయ్యా. అందరం ఇచ్చి, ఇదొక్కతే ఏమీ ఇవ్వకుండా తీసుకెళ్ళాలంటే నాకే మనసొప్పట్లేదు. సముద్రం ఎక్కడికి పోతుంది, వచ్చే ఏడాది చూద్దాం."

జయరాజ్ సంచి కింద పెట్టాడు. నెల రోజులుగా ఇన్నమ్మ కోరుకున్నది అడక్కుండానే వచ్చి ఒళ్ళో పడింది. ఊ అంటే చాలు. పాప ఇవాళ ఇక్కడే ఉగ్గు తింటుంది, ఇక్కడే తన పక్కలో పడుకుంటుంది.

ఆమె కోడలి ముఖం చూసింది. రసీదు అడిగి నవ్విన పిల్ల ఇప్పుడు పాపను గుండెకు అదుముకుని, గుమ్మం వైపు చూడటానికే జంకుతోంది. ఆ చూపు ఇన్నమ్మకు కొత్త కాదు. ఎవరు పోతున్నా తన కళ్ళల్లో ఉండేది అదే. ఈ పిల్లకు ఇవ్వాలనుకున్నవి చాలా ఉన్నాయి, చేపల పులుసు పెట్టే తీరు, ఈస్టరుకు కట్టే తెల్లచీర, బైబిలు. ఈ భయం మాత్రం ఆ వరసలో లేదు.

"లేసి చెప్పులేసుకో బిడ్డా" అంది.

తబితా తలెత్తింది.

"బిళ్ల మనిషిని పట్టుకొస్తదా? ఎవరు బయట ఉన్నరో చెప్తది, గంతే. మీ మామ పోయిననాడు దువ్వెన తన చేత్తోనే నా చేతుల పెట్టి పోయిండు. ఒక్కనాడు తప్పినోడు కాదు."

ఆ దువ్వెన మాట ఆమె నోట జయరాజ్ కూడా ఎన్నడూ వినలేదు.

"మరి పాప?" అంది తబితా.

"అది బయట ఉన్నదని నాకు తెల్వదా? దానికి బిళ్లెందుకు? నడువు, జల్దీ."

జయరాజ్ సంచి ఎత్తుకున్నాడు. దేవ్‌సింగ్ పరుగున పోయి ఇంజను వేశాడు. ఇన్నమ్మ మోకాళ్ళ సంగతి మరిచి కారు దాకా నడిచి, పాప తలకు టోపీ బిగించి, కిటికీలోంచి ఇంకో రెండు గుడ్డలు లోపల పడేసింది. ఎండలో తిప్పొద్దని, నీళ్ళు కాచి తాపమని, నీళ్ళకు ఆమడ దూరంలో నిలబడమని చెబుతూనే ఉంది. కారు కదిలినా చెప్పింది. మలుపు తిరిగాక ఇక వినేవాళ్ళు లేక ఆగింది.

రెండో రోజు వీడియోలో సముద్రం కనబడింది. జెమీమా ఇసుక తింటోంది. తబితా నవ్వుతూ, చీర మోకాళ్ళ దాకా తడిసి, పాపకూ అలలకూ నడుమ నిలబడి ఉంది. ఇన్నమ్మ ఇసుక కక్కించమని అరిచి, ఫోను పెట్టేశాక ఒక్కతే నవ్వుకుంది.

ఆదివారం సాయంత్రం కారు వచ్చి ఆగింది. జయరాజ్ దిగాడు. తబితా దిగింది. ఎండకు ముక్కు మీద తోలు ఊడిన జెమీమా నాన్నమ్మను చూసి రెండు చేతులూ చాపింది. గడియారం, క్లిప్పు ఎవరివి వారికి చేరాక, తలుపు వెనక మేకుకు దువ్వెన ఒక్కటే మిగిలింది.

ఆదివారం కూరకు చేపలు తెస్తానని వైరా బస్సెక్కిన సంసోను, బస్సులోనే గుండె ఆగి, ఇంటికి తిరిగి రాలేదు. అది రెండువేల పదకొండు జూలై తొమ్మిది, శనివారం.