పరిసర గ్రామస్తుల ఉపయోగార్థం

తేజస్విని క్వారీ గుంతలో మునిగిపోయిన రోజున బడి ఒంటిపూటే. పన్నెండున్నరకు చివరి గంట కొట్టారు. రెండున్నరకు పుణ్యవతి టీచరుకు ఫోన్ వచ్చింది. ఎండకు కొంగు తలమీదికి లాక్కుని, పరుగులాంటి నడకతో ఆమె అక్కడికి చేరేసరికే పిల్లను పైకి తీసి బండ మీద పడుకోబెట్టారు. ఎనిమిదో తరగతి. రెండు జడలూ అల్లినవి అల్లినట్టే ఉన్నాయి.

తేజస్విని వెంట వెళ్లిన తోటి క్లాసు పిల్ల నీహారిక వెక్కుతూ చెప్పింది. "ముందుగాల స్విమ్మింగ్ పూల్ కాడికే పోయినం మేడం. గేటు కాడ అంకుల్ రానియ్యలే. కార్డు ఉందా అన్నడు. ఉడకపోతకు ఆగలేక గిటు వచ్చినం."

క్వారీ గట్టున నిలబడితే ఆ పూల్ నీలం రేకుల కప్పు కనిపిస్తూనే ఉంటుంది.

ఇరవై ఏళ్ల క్రితం పెద్ద ఆటల పోటీలు జరిగినప్పుడు, ఈతగాళ్ల సాధన కోసం గోపన్‌పల్లి పక్కన ఆ కొలను కట్టారు. ఊరివాళ్లు భూములిచ్చారు. తేజస్విని తాత ఇచ్చింది మూడెకరాలు. ఆటలు పదిరోజుల్లో ముగిశాయి, కొలను మిగిలింది. ఆ తర్వాత పదకొండేళ్లూ అది నిజంగానే ఊరిది. ప్రతి శనివారం పుణ్యవతి పిల్లల్ని వరస కట్టించి తీసుకెళ్లేది. మొదట్లో లంగా జాకెట్లతోనే నీళ్లలో దిగి, రెయిలింగు వదలనే వదలమని మొరాయించిన ఆడపిల్లలు వేసవి గడిచేసరికి ఆ చివర నుంచి ఈ చివరకు ఈదేవాళ్లు. ఆ పదకొండేళ్లలో క్వారీ ఒక్క పిల్లను కూడా మింగలేదు. అటు తర్వాత ప్రభుత్వం కొలనును ఒక ప్రైవేటు ఈత అకాడమీకి లీజుకిచ్చింది. ఇప్పుడు తెల్లాపూర్ గేటెడ్ కమ్యూనిటీల కార్లు వచ్చి ఆగితే, కళ్లద్దాలూ టోపీలూ పెట్టుకున్న పిల్లలు దిగుతారు. వాళ్ల మీద పుణ్యవతికి కోపం లేదు. వాళ్లూ పిల్లలే.

దినాలు అయిన మర్నాడు ఆమె తేజస్విని తండ్రి వీరేశాన్ని వెంటబెట్టుకుని అకాడమీ ఆఫీసుకు వెళ్లింది. వేసవి సెలవులు మొదలయ్యేలోగా బడిపిల్లలకు గేటు తెరిపించాలి. లేకపోతే వాళ్లు మళ్లీ క్వారీకే పోతారు. ఆమె కోరిక అదొక్కటే.

మేనేజరు సురేంద్రది కడప వైపు. మర్యాదస్తుడు. కుర్చీలు చూపించి మంచినీళ్లు తెప్పించాడు.

"శానా బాధైంది మేడం. మా పిల్లోళ్లతో రెండు నిమిషాలు మౌనం కూడా పాటించినాం."

"మౌనం వద్దండి. గేటు తీయండి. బయట గేటు పక్క శిలాఫలకం రాతిమీద చెక్కి ఉన్నదే అడుగుతున్నాం."

"ఆ రాయి సంగతి నాకెందుకు తెల్దు మేడం!" అతను లీజు కాగితం తీసి చదివాడు. "'క్రీడల అనంతరం ఈ కొలను పరిసర గ్రామస్తుల ఉపయోగార్థం ఉచితముగా తెరచి ఉంచబడును.' రాయిమీద ఉండేదీ ఇదే, లీజులో ఉండేదీ ఇదే. కానీ యాడుంది మేడం గ్రామం? అంతా కార్పొరేషన్లో కలిసిపాయ. గ్రామం లేకపోతే గ్రామస్తులు యాడుంటారు? మా లాయర్లు చూసినారు. ఎవురు రాసినారో గానీ, మాకు మాత్రం మేలు చేసిపెట్టినారు."

"మేం లేమా?" అన్నాడు వీరేశం. "నీ ముంగట గూసున్నోడు ఎవడు సార్? దయ్యమా?"

"అట్ల కాదులే అన్నా. సమ్మర్ క్యాంపులో పదిమందికి కన్సెషన్ ఇప్పిస్తా."

"కన్సెషనా? భూమిచ్చినప్పుడు మా నాయిన నిన్ను కన్సెషన్ అడిగిండా?"

పుణ్యవతి మంచినీళ్ల గ్లాసు ముట్టుకోకుండానే లేచింది. "రాసింది నేనేనండి" అంది సురేంద్రతో.

కొలను కట్టిన ఏడాది ఇంజనీరొకాయన రాతిమీద చెక్కించబోయే కాగితం తెచ్చి, భాష సరిచూడమని బతిమాలాడు. 'స్థానిక ప్రజలకు' అని ఉంది అందులో. స్థానికులంటే రేపు ఇక్కడ ఫ్లాటు కొన్న ప్రతివాడూ స్థానికుడే అవుతాడు, ఊరివాళ్ల వాటా ఊరివాళ్లకే దక్కాలి, అనుకుంది. ఆ మాట కొట్టేసి 'పరిసర గ్రామస్తుల' అని రాసింది. గట్టి మాట పడిందని మురిసిపోయింది కూడా. మనుషులు ఎక్కడివాళ్లక్కడే ఉండగా ఊరికి ఊరే మాయమవుతుందని ఆమె అనుకోలేదు. ఒక్క సంతకంతో ఊరిని చెరిపేసి, ఆ చెరిపేసిన చోటు చూపించి పిల్లల్ని బయటికి నెట్టేవాళ్లు ఉంటారనీ అనుకోలేదు.

రోడ్డు మీదికి వచ్చాక వీరేశంతో ఆ సంగతంతా చెప్పింది. సంజాయిషీ చెప్పుకోలేదు.

ఆఫీసు బస్సులు రెండు దుమ్ము లేపుకుంటూ పోయాయి.

"మమ్మల్ని జర ఒక్క మాట అడగకపోతిరి టీచరమ్మా."

"అడగలేదు వీరేశం."

"అడిగితే చెప్పేటోళ్లం. పిలగాండ్లు అని రాయున్రి అని. ఊరు వోతది, పేరు వోతది, పిలగాండ్లు యాడికి వోతరు? పెద్ద పెద్ద మాటలు మీకెర్క. గీ చిన్న మాట మాకెర్కుండె."

అతను తువ్వాలుతో మొహం తుడుచుకుని, "నడువున్రి, ఎండ కొడుతున్నది" అన్నాడు.

ఆ సాయంత్రం పుణ్యవతి అర్జీ రాయడానికి కూర్చుంది. ఈసారి గ్రామస్తులని రాయలేదు, స్థానికులనీ రాయలేదు. ఆరు నుంచి తొమ్మిదో తరగతి దాకా ఈత రాని పిల్లల పేర్లు, తండ్రి పేరుతో, ఇంటి నంబరుతో, ఒకరి కింద ఒకరిని రాసింది. ముప్పై ఒక్కమంది. ఎనిమిదో తరగతి దగ్గర ఒక పేరు రాయబోయి కలం ఎత్తింది. తర్వాతి పేరు రాసింది. కింద ఒకే వాక్యం: "ఈ పిల్లలు ఉన్నారు."

మర్నాడు అర్జీ తీసుకుని, కొలను లీజు వ్యవహారం చూసే పై ఆఫీసుకు వెళ్లింది. గుమాస్తా ఆ జాబితా తిరగేసి, "ఇంతమంది పేర్లెందుకు మేడం? గోపన్‌పల్లి గ్రామస్తులు అని ఒక్క ముక్క రాస్తే సరిపోయేది గదా" అన్నాడు.

"సరిపోదండి" అంది. "ముద్ర వేయండి."

ముద్ర వేశాడు. ఆ తర్వాత ఆమె మూడుసార్లు వెళ్లింది. ఫైలు పైకి పంపామన్నారు. క్వారీ చుట్టూ కంచె వేస్తామని ఎవరో వచ్చి కొలతలు తీసుకుని వెళ్లారు. కంచె వేయలేదు.

ఏప్రిల్ ఇరవైమూడున బడికి సెలవులిచ్చారు. అర్జీకి జవాబు రాలేదు. కొలను గేటు బడిపిల్లలకు తెరవలేదు. ఆ ముప్పై ఒక్కమందిలో ఒక్కరికీ ఇంకా ఈత రాదు.