పై పెచ్చు

మురుగునీటి ప్లాంటులో ఆయన అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. పిడికిలి అంటారు. బురదను గుప్పిట్లో పట్టి పిసికి, నూటికి ఎన్ని పాళ్లు నీళ్లున్నాయో చెబుతాడు. పద్దెనిమిదేళ్లలో ఆయన చేతికీ ల్యాబు లెక్కకీ తేడా రెండు పాళ్లు దాటలేదు.

కొత్త ప్రెస్సు వచ్చి మూడు వారాలైంది. పాతది బురదను నొక్కేది, అంతే. ఇది నొక్కుతూనే పై ప్లేటు నుంచి కింది ప్లేటుకు కరెంటు పంపుతుంది. ఎంత నొక్కినా రాని నీళ్లు ఆ కరెంటుకు కిందికి దిగి, అడుగున పరిచిన వడపోత గుడ్డలోంచి కారతాయి. పరీక్ష నెగ్గాలంటే బురదలో నీళ్లు అరవై అయిదు పాళ్లకు తగ్గాలి. గుడ్డ చిరిగి ఒకసారి, కరెంటు పోయి ఒకసారి పరీక్ష తప్పింది. మూడోసారీ తప్పితే ప్రెస్సును వెనక్కి పంపేస్తారు, పిడికిలికి పంపుల గోతిలో డ్యూటీ వేస్తారు. గోతికి నలభై రెండు మెట్లు. ఆయన మోకాళ్లు ఇంట్లో గడప దాటడానికే మొరాయిస్తున్నాయి. ఇవాళ ఎలాగోలా గట్టెక్కి రమ్మని భార్య పొద్దున్నే చెప్పి పంపింది.

మధ్యాహ్నం రెండింటికి కరెంటు మీటరు ముల్లు సున్నా దగ్గరికి వాలింది. దిగాల్సిన నీళ్లయిపోయి కరెంటు ఆగిందనుకుని ప్లేటు ఎత్తాడు. పాత ప్రెస్సు దగ్గర చేసినట్టే పైనుంచి గుప్పెడు తీశాడు. పెంకులా విరిగింది.

“అరవై,” అన్నాడు.

నమూనా కోసం వచ్చిన ల్యాబు అమ్మాయి డబ్బా మూత తీసింది. “ఇక తేమ కొలిచే నా మిషను అమ్మేసుకోవచ్చు బాబాయ్.”

ఆయన నవ్వబోయి గుడ్డ వంక చూశాడు. ఇంకా చుక్కలు పడుతున్నాయి. బురద పలక అంచు ఎత్తి కింద వేలు పెడితే కణుపు దాకా దిగింది. పాత ప్రెస్సులో పైన ఎంతో కిందా అంతే. ఇందులో పైభాగం ముందే ఎండి పెచ్చు కట్టింది. పెచ్చులోంచి కరెంటు పారదు. ముల్లు పడిపోయింది అందుకే.

అమ్మాయి కూడా చూసింది. డబ్బాలో ఏది వేస్తే దాని లెక్కే రాస్తానని, తననేమీ అడగవద్దని చెప్పింది.

ఆయన కాసేపు రెయిలింగుకు ఆనుకుని నిలబడ్డాడు. గుప్పిట్లోది కింద పారేసి, పక్కనున్న ఇనుప తాపీని అందుకున్నాడు.

“పైనుంచి అడుగుదాకా కోసిస్తాను, అది పెట్టమ్మా.”

“తప్పుతుంది బాబాయ్.”

“ఇవాళ పెచ్చు ఇస్తే రేపట్నించి రోజూ పెచ్చే ఏరి ఇవ్వాలి. అంత ఓపిక నాకు లేదు.”

అరగంటకు మిషను డెబ్భై నాలుగు చూపించింది. ఇంజనీరు వచ్చి కాగితం రెండుసార్లు చదివాడు. కేకలేయలేదు. ముల్లు ఎందుకు పడిందో పిడికిలి చెబితే రాసుకున్నాడు, కంపెనీవాళ్లకు పంపుతానన్నాడు. తర్వాత డ్యూటీ చార్టు తెరిచి, గోతిలోకి ఎప్పట్నించి వేయమంటావని అడిగాడు.

“ఎల్లుండి నుంచి వేయండి సార్,” అన్నాడు పిడికిలి. “రేపు సెలవు కావాలి. పడుకుంటాను.”