గడప మీద వాన

భవాని జవాబు మీద ఎర్ర సిరాతో అడ్డంగా ఒక గీత, పక్కన సున్నా. చూడగానే నాకు నెత్తి కాలింది.

"రెండు పేజీలు రాసిన సార్. ఒక్క మార్కు గూడ ఇయ్యరా?" అంది. మంచాల ఊరి నుంచి పొద్దున ఏడింటి బస్సుకు వచ్చే పిల్ల, బీఏ రెండో ఏడు. ఇంటర్నల్ పరీక్షలో ఇరవైకి ఎనిమిది రాకపోతే ఇంగ్లిష్ పేపరు ఆగిపోతుంది. ఆమెకు వచ్చినవి ఐదు.

ప్రశ్న ఒక చిన్న ఇంగ్లిష్ కవిత మీద. వాన మనిషిలా నడిచివచ్చి ఒక ముసలామె గడప మీద కూర్చుంటుంది. వానను మనిషిని చేసి కవి ఏం చెప్పాడో వివరించాలి. భవాని రాసింది ఇది: వాన చుట్టంలా వచ్చింది. ముసలామె తలుపు వేసుకోలేదు, ఉరికి కుండ తెచ్చి చూరు కింద పెట్టింది. ఏడ్చే మనిషి కుండ వెతుక్కోదు. పత్తి గింజలు పెట్టి మా అమ్మ పదిహేను రోజులు మొగులు దిక్కు చూస్తుంది; అప్పుడు వానొస్తే మా ఇంట్లోనూ ఇట్లాగే ఉరుకుతాం. ఇది సంతోషం.

ఇంగ్లిష్‌లో తప్పులున్నాయి. కాని కుండను పట్టుకున్నది క్లాసు మొత్తంలో ఈ పిల్ల ఒక్కతే.

మా ఇబ్రహీంపట్నం కాలేజీలో ఇంగ్లిష్ పాఠం నేను చెప్తాను, పేపర్లు ఇంద్రసేన దిద్దుతాడు. పేపరు తీసుకుని స్టాఫ్ రూముకు పోయి ఆయన బల్ల మీద కొట్టాను. గ్లాసులో చాయ్ ఎగిరి పడింది.

"గంత గరమైతున్నవేంది జయపాల్? కూసో."

"కూసుంటానికి రాలేదన్నా. ఈ సున్నా ఏంది?"

"వాన అంటె దుఃఖం. యాభైమూడు మంది దుఃఖమనే రాసిండ్రు. ఈమెకొక్కదానికే సంబురమొచ్చింది."

"యాభైమూడు మంది కామా గూడ తప్పకుంట ఒక్క తీరుగ రాస్తె నీకు అనుమానం రాలె?"

"ఆన్సర్ కీల ఉన్నదే రాసిండ్రు, మార్కులేసిన."

"గా కీ తయారుచేసినోడు కవిత సదివిండా? అంత పెద్ద కుండ కనవడలేదా వానికి? కండ్లు జేబుల పెట్టుకొని రాసిండా?"

ఇంద్రసేన నవ్వాడు. సొరుగు లాగి పిన్నులు కొట్టిన కాగితాల కట్ట నా ముందు వేశాడు. బస్టాండు ఎదురుగా జిరాక్స్ షాపులో దొరికే నోట్సు. కాపీకి కాపీ తీసి తీసి అక్షరాలు సగం చచ్చిపోయాయి.

"కీ దీంట్ల నుంచే తీసిన. మొదటి పేజీ మీద ఏమున్నదో సదువు."

జయపాల్ సార్ డిక్టేషన్ అని ఉంది.

ఆరేళ్ల కింద నేను కొత్తగా చేరాను. మూడు వారాల్లో సిలబస్ ముగించాలి. వాన అంటే దుఃఖం అని నా సార్లు నాకు రాయించిన ముక్కే నిలబడి రాయించాను. కుండ ఉన్న నాలుగు లైన్లు పేజీ తిప్పితే వస్తాయి. ఆ రోజు నేను తిప్పలేదు. తర్వాతి ఏడు నుంచి కవిత మొత్తం చెప్పాను. పిల్లలు తలలూపారు, పరీక్షకు మాత్రం జిరాక్సే చదివారు. నేను పట్టించుకోలేదు.

"ఇప్పుడు చెప్పు, ఎవన్ని తిడ్తున్నవ్?"

"నన్నే. కాగితమియ్యి."

కీ తప్పు, ఆ తప్పు నాది, భవాని జవాబు మళ్లీ దిద్దాలి అని ప్రిన్సిపాల్‌కు రాసి సంతకం పెట్టాను.

"నీ పరువు నువ్వే తీసుకుంటున్నవ్" అన్నాడు ఇంద్రసేన.

"ఆ పిల్ల పేపరాగితె నా పరువు నిలవడ్తదా?"

ఆయన ఆ కాగితం చదివాడు. ఎర్ర పెన్ను తీసి సున్నా కొట్టేసి నాలుగు వేశాడు. మొత్తం తొమ్మిది.

వరండాలో భవానికి పేపరిచ్చి జరిగిందంతా చెప్పాను. సంతోషపడుతుందనుకున్నాను. ముఖం ఇంకా గట్టిపడింది.

"ఈ ఆరేండ్లల్ల కుండ సంగతి రాసినోళ్లు ఇంకెవరన్నా ఉంటరు గద సార్?"

"ఉండొచ్చు."

"వాళ్లకు గూడ గిట్లనే గీత కొట్టిండ్రు గద?"

"కొట్టే ఉంటాం."

"బస్సుకు టైమైతుంది" అని పేపరు మడిచి సంచిలో పెట్టుకుంది. దండం పెట్టలేదు, థాంక్స్ చెప్పలేదు. గేటు దాటిపోయింది.

ఆ వెనకే నేనూ బయటికి నడిచాను, ఆ నోట్సు ఆపించడానికి జిరాక్స్ షాపు దిక్కు.