ఎత్తని మిస్డ్ కాల్

ముదిగుబ్బ బయట బీడులో, పైలట్ లేని చిన్న విమానాలు మూడింటిని ఎగరేశాను. గొర్రెలు మేపుతున్న తిప్పమ్మ దగ్గరికొచ్చింది.

"ఏమప్పా జాకబ్, పైన అవేం మాట్లాడుకుంటాండాయి?"

"ఉండామని ఒకదానికొకటి మిస్డ్ కాల్ ఇచ్చుకుంటాండాయవ్వా. జవాబొచ్చిన దాని మీదుగానే సమాచారం పంపుతాయి. రాకుంటే దాన్ని ఇడిచిపెట్టి ఇంకో దారి చూసుకుంటాయి."

అంతలో ఒకటి గాలికి కొండ చాటుకు కొట్టుకుపోయింది. మిగిలిన రెండూ క్షణంలో దాన్ని వదిలేసి దారి మార్చుకున్నాయి. లాప్‌టాప్‌లో అది చూసి మురిసిపోయాను. ఆ ప్రోగ్రాం రాసింది నేనే.

"అంతేనా? ఇంకోతూరి అడగవా?" అంది తిప్పమ్మ.

"ఎందుకడగల్ల? జవాబియ్యాల్సింది అది!" అని కసిరాను.

ఆమె గొర్రెలు తోలుకొని వెళ్లిపోయింది. బీడులో నేనొక్కణ్నే మిగిలాను.

బెంగళూరులో ఉన్న నా భార్య సువార్త, బాగున్నానని రోజూ సాయంత్రం మిస్డ్ కాల్ ఇచ్చేది. పోట్లాడుకున్నప్పటి నుంచి ఇవ్వడం లేదు. ముందు తనే ఇవ్వాలని నా పంతం.

విమానాలు దించి, సువార్త నంబరు నొక్కాను. ఒక్క రింగుకే కట్ చేయడం మా అలవాటు. ఈసారి చేయలేదు. రింగు దానంతటదే ఆగిపోయేదాకా విన్నాను.

మళ్లీ నొక్కాను.