రెజీనా పేరిట వచ్చిన ప్రార్థన

కృపమణికి ఒక ప్రార్థన రాయడానికి అరగంట పట్టేది. ఫోను మీద చూపుడువేలు ఒక్కటే కష్టపడేది, మిగతా తొమ్మిదీ పెళ్ళికొచ్చిన చుట్టాల్లా చూస్తూ కూర్చునేవి. ఒత్తు ఎక్కడుందో వెతుక్కునేలోపు మనసులోని మాట సగం జారిపోయేది. అయినా పట్టు విడిచే మనిషి కాదు. కోసిగి చర్చిలో స్త్రీల సమాజానికి పద్దెనిమిదేళ్ళుగా కార్యదర్శి. ఆ కుర్చీ ఊరికే వచ్చిందా?

జనవరి వచ్చిందంటే ఆమెకు ఊపిరాడదు. వానను నమ్ముకున్న చేలు చేతులెత్తేశాక ఊళ్ళో సగం జనం సుగ్గికి పోతారు. సుగ్గి అంటే మూటాముల్లె కట్టుకుని గుంటూరు వైపు మిరపకోతకు పోవడం. ఆదివారం చర్చిలో పరిచిన చాపలకంటే చుట్టి మూలన నిలబెట్టిన చాపలే ఎక్కువ. అట్లా చెదిరిపోయిన సంఘాన్ని కలిపి ఉంచేది వాట్సాప్ గుంపొక్కటే. ఒకరికి జ్వరం, ఒకరికి మిరప ఘాటుకు కళ్ళవాపు, ఒకరి బిడ్డకు విరేచనాలు. "కృపక్కా, ప్రార్థన రాసి పంపు" అని రోజుకు పది పదిహేను మనవులు. గొంతు రికార్డు చేసి పంపితే చాలదా అంటే చాలదు. గొంతు ఒకసారి విని మరిచిపోతారు, రాసిందైతే రోజూ చదివించుకుని దిండు కింద పెట్టుకోవచ్చు. దిండు కింద ఉండేది ఫోనే అయినా రాత రాతే.

ఈ అవస్థ చూడలేక కోడలు స్తుతి ఒక ఉపాయం చెప్పింది. స్తుతి గ్రామ సచివాలయంలో ఉద్యోగి, ఇంట్లో ఆమెకొక ల్యాప్‌టాప్ ఉంది.

"ఒకటే ప్రార్థన బాగా రాసి పెట్టుకో అత్తా. పేరు చోట ఖాళీ ఉంచు. ఎవరడిగినా దాన్నే కాపీ చేసి, పేరు పెట్టి పంపు."

"దేవుని దగ్గర గూడా నకలు కాగితమేనా?"

"దేవునికి నువ్వు దినామూ కొత్త తెలుగు నేర్పాల్నా ఏమి? చూడు, అక్షరాల మీద వేలు పెట్టి నొక్కి పట్టు."

కృపమణి వేలు ఆనించింది, నిప్పు తగిలినట్టు తీసేసింది.

"అట్ల గాదు. అన్నం ఉడికిందా లేదా అని మెతుకు పట్టి చూస్తావే, అంతసేపు నొక్కు."

ఆ లెక్క కృపమణికి వెంటనే ఎక్కింది. నొక్కి పట్టగానే అక్షరాల మీద నీలం పరుచుకుంది, 'కాపీ' అని వచ్చింది. ఇంకోచోట నొక్కితే 'పేస్ట్'. అరగంట పని అర నిమిషానికి దిగింది. వారం తిరిగేసరికి స్తుతి వాట్సాప్‌ను ల్యాప్‌టాప్‌కు కూడా కలిపి ఇచ్చింది. కంట్రోల్ పట్టుకుని సి కొడితే కాపీ, వి కొడితే పేస్ట్. పెద్ద పెద్ద అక్షరాలు, కళ్ళకు సుఖం. ఇక కృపమణికి పట్టపగ్గాల్లేవు. మనవి రావడమే ఆలస్యం, ప్రార్థన పోయేది. "కృపక్క మోకాళ్ళ మీదే కాపురముంటాది" అని గుంపులో పొగిడారు. పొగడ్త ఎవరికి చేదు? కానీ నిజం చెప్పుకోవాలి. పేరు మార్చడమొక్కటే మిగిలాక, ఆ పేరు వెనకాల మనిషి ముఖం తలపుకు రావడం మానేసింది.

మంగళవారం రెజీనాకు పంపింది. రెజీనా మూడు వీధుల అవతలి పిల్ల. మొగుడు సుగ్గికి పోయాడు, ఇక్కడ ఈమెకు మూడో నెలలో గర్భం పోయింది. కృపమణి ఫోనులో ఖాళీ పూరించి, ఆమెకొకసారి పంపి, మళ్ళీ మొత్తం కాపీ చేసి గుంపులోనూ పెట్టింది. ఒకసారి నడిచి పోయి చూసి రావాలని అనుకుంది. అనుకోవడం దగ్గరే ఆగింది.

గురువారం సాయంత్రం ల్యాప్‌టాప్ దగ్గర కూర్చుని, ఖాళీ ఉన్న ప్రార్థన మీద కంట్రోల్ సి కొట్టి, రేపటికి సిద్ధమని మూత వేసింది.

శుక్రవారం తెల్లవారుతుండగా ఫోనులో విశ్వాసమ్మ గొంతు వచ్చింది. విశ్వాసమ్మ, కృపమణి ఒకే ఏడాది కోసిగికి వచ్చిన కోడళ్ళు, నలభై ఏళ్ళ స్నేహం. విశ్వాసమ్మకు చదువు రాదు. భర్త లేవి, కూతురు ఆరాధనలతో మిరపకోతకు పోయి ఉంది.

"కృపా, మీ లేవన్నకు పేగు మెలిక పడిందంట. గుంటూరు ఆసుపత్రికి తెచ్చినాం. తొమ్మిదికి ఆపరేషనంట. నాకు శానా భయంగా ఉండాది. నువ్వు రాసి పంపు. ఆరాధనతో చదివించి ఆయప్పకు వినిపిస్తా."

కరోనాలో కృపమణి భర్త పోయినప్పుడు అయినవాళ్ళే గడప తొక్కడానికి జంకితే, ఒక్కడే నిలబడి గోతి తవ్విన మనిషి లేవి. కళ్ళద్దాలు ఎక్కడో ఉన్నాయి, కళ్ళనిండా నీళ్ళు. నిన్ననే కాపీ చేసి పెట్టుకున్నాను కదా అనే ధైర్యంతో ఫోను మీద వేలు నొక్కి అతికించింది. ఖాళీ పూరించే ఓపిక కూడా లేదు. ఎవరికోసమో దేవుడికి తెలియదా అనుకుని పంపేసింది.

ఎనిమిదింటికి స్తుతి ల్యాప్‌టాప్ తెరిచి అరిచినంత పని చేసింది.

"అత్తా! విశ్వాసమ్మ పెద్దమ్మకు రెజీనా ప్రార్థన పంపినావేంది?"

"నేను నిన్న ఖాళీదే గదా కాపీ చేసింది!"

"అది ఈ ల్యాప్‌టాప్‌లో చేసినావు. దీనికే గుర్తుంటాది. ఫోనుకు, మంగళవారం ఫోనులో కడాకు కాపీ చేసిన రెజీనాదే గుర్తు. దేని గ్యాపకం దానిదే అత్తా."

తుడిపేద్దామని చూస్తే నీలం టిక్కులు పడి ఉన్నాయి. చదివేశారు. ఫోను చేస్తే స్విచాఫ్. మళ్ళీ చేసింది, మళ్ళీ స్విచాఫ్. కత్తి కిందికి పోయే మనిషి చెవిలో ఇంకొకరి పేరు చదివి ఉంటారు. విశ్వాసమ్మ ముఖం ఎట్లా పెట్టిందో ఊహించుకుంటేనే కృపమణికి నేల చీలితే బాగుండుననిపించింది. గోతి తవ్విన మనిషికి ఇదా తను తీర్చుకున్న రుణం?

స్తుతి ల్యాప్‌టాప్ ముందుకు జరిపింది. కృపమణి వద్దంది. కళ్ళద్దాలు వెతికి పెట్టుకుని, గడప మీద కూర్చుని, ఫోనులో ఒక్క వేలితో మొదలుపెట్టింది.

"ప్రభువా నేను కృపమణిని. లేవన్న మా ఆయనకు గోతి తవ్వినాడు. ఎవరూ రాకపోతే ఒక్కడే తవ్వినాడు. తవ్వి, చేతులు కడుక్కోని, మా గడప ముందర అన్నం గిన్నె పెట్టి పోయినాడు. నేనింతవరకు ఆయనకు ఒక మంచిమాట చెప్పలేదు. చెప్పేదానికైనా ఆయన్ను ఉంచు."

పంపేసరికి తొమ్మిది దాటింది. ఒక్క టిక్కు పడింది. పది, పన్నెండు, రెండు గంటలు, అదే ఒక్క టిక్కు. గుంపులో ఎవరెవరో ప్రార్థన అడుగుతున్నారు, ఆమె ముట్టుకోలేదు.

నాలుగింటికి రెండో టిక్కు పడింది. వెనకే విశ్వాసమ్మ గొంతు. వినడానికి భయపడి స్తుతి చేయి పట్టుకుంది.

"కృపా, ఫోను సచ్చిపోయుండె. ఇప్పుడు ఛార్జింగు దొరికె. మీ అన్న బాగుండాడు. కోసి కుట్లేసినారు, కండ్లు తెరిసి నీళ్ళడిగినాడు. నువ్వు ఇంగోటి పంపినావంట, ఇంగా చదివించుకోలే. పొద్దున్నది ఆరాధన చదివింది. రెజీనా అని వచ్చె. తప్పు పంపిందేమోమ్మా అనె పాప. కృప అట్ల పంపదే అంటి. ఇట్లాంటి దినం పంపిందంటే ఆ రెజీనాకు మనకంటే పెద్ద కష్టముండాదేమో, మనది తర్వాత, ముందు ఆ బిడ్డకు చేద్దామంటి. వరండాలో మనూరోళ్ళతో కలిసి నలుగురం మోకాళ్ళేసినాం. మీ అన్న గూడా పండుకోనే ఆమెన్ అన్నాడు. ఇప్పుడు రెజీనాకు ఎట్లుండాది? చూసొచ్చి చెప్పు కృపా."

లేవి బతికాడన్న సంతోషం ఒకపక్క, సిగ్గు ఒకపక్క. విశ్వాసమ్మ నాలుగు తిట్టి ఉంటే తల వంచి పడి ఉండేది. ఈ నమ్మకానికి ఏం జవాబు చెప్తుంది? రెజీనాకు ఎట్లుందో కృపమణికి తెలియదు. మూడు వీధుల దూరంలో ఉండి తెలియదు.

చెప్పులేసుకుని బయలుదేరింది. తలుపు తట్టిన చాలాసేపటికి రెజీనా గోడ పట్టుకుని వచ్చి తీసింది. ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఇంట్లో పొయ్యి వెలిగించిన జాడ లేదు.

"ఏమత్తా, ఇట్లొచ్చినావు?"

"నీకెట్లుండాదో అడగమన్నారు. గుంటూరులో మన విశ్వాసక్కోళ్ళు పొద్దున నీకోసం మోకాళ్ళేసినారు. లేవన్న కడుపు కోయించుకోబోతా నీకోసం ఆమెన్ అన్నాడు."

"నాకోసమా?" రెజీనా నమ్మనట్టు చూసింది. "నువ్వు పంపింది చదువుకున్నాలే అత్తా. క్షేమంగా ఇంటికి చేర్చు ప్రభువా అని ఉండె. నేను ఇంట్లోనే ఉండాను గదా."

అందులో ఎత్తిపొడుపు లేదు, అందుకే ఎక్కువ గుచ్చుకుంది. సుగ్గికి పోయినవాళ్ళ కోసం రాసిన మాట అది, ఈ పిల్లకు అట్లాగే అతికించేసింది.

"తప్పు చేసినాను తల్లీ. నీకోసం రాయలేదు, పేరు మార్చి పంపినాను."

రెజీనా మంచం మీద కూర్చుని ఏడ్చింది. బిడ్డ పోయిన నాటినుంచి ఎవరి ముందూ ఏడవలేదేమో, చాలాసేపు ఏడ్చింది. కృపమణి పక్కన కూర్చుని వీపు నిమిరింది. తర్వాత పొయ్యి వెలిగించి, ఎసరు పెట్టి వచ్చి, ఫోను తీసింది.

"విశ్వాసక్క జవాబు కోసం చూస్తాంటాది. ఏమని రాయాల?"

"బాగుండానని రాయత్తా." రెజీనా కొంగుతో ముఖం తుడుచుకుంది. "వద్దులే. ఇంగా బాగలేదని రాయి."

కృపమణి కళ్ళద్దాలు సర్దుకుని, 'ఇ' ఎక్కడుందో వెతకడం మొదలుపెట్టింది.