తడబడిన పాంటియాక్

శనివారం పొద్దున్నే ఫ్లింట్ ఊళ్లో డోనట్ల కొట్టు ముందు పాతకాలం కార్లన్నీ బానెట్లు తెరుచుకుని వరసగా నిలబడతాయి. వాటి వెనక మడతకుర్చీలు వేసుకుని, కాఫీ తాగుతూ పెద్దమనుషులు రేసులు పెట్టుకుంటారు. నోటితోనే లెండి. లీలండ్ పర్డీకీ, అతని పెళ్లాం అన్న వెర్లిన్ కోజక్‌కీ మధ్య ఈ రేసు ఏళ్ల తరబడి నడుస్తోంది. ఒక్కనాడూ చక్రం కదిలింది లేదు.

వెర్లిన్‌ది అరవై తొమ్మిదినాటి నారింజరంగు పాంటియాక్ జీటీఓ. లీలండ్‌ది ఎనభై ఏడునాటి నల్ల బ్యూక్ గ్రాండ్ నేషనల్.

"ఆరు సిలిండర్లు, ఓ టర్బో పెట్టుకుని ఈలలేసేదాన్ని కారంటారుటోయ్?" అనేవాడు వెర్లిన్.

"నీ ఎనిమిదీ పెట్రోలు తాగడానికే బావా. పచ్చలైటు పడితే నా వెనక లైట్లు చూసుకుంటూ రావాల్సిందే," అనేవాడు లీలండ్.

ఆ ఊళ్లో బండి చాలాకాలం ఒకే చేతిలో ఉంటే యజమాని నాడి దానికి పట్టేస్తుంది. పోస్టాఫీసు హేజెల్‌కి జ్వరమొస్తే ఆవిడ వ్యాను పొగలు కక్కేది. డాక్టరు కూడా ముందు "బండి తెచ్చారా?" అనే అడుగుతాడు.

ఆ వేసవిలో జీటీఓ ఉన్నచోటనే దడ్... దడదడ్... అంటూ తడబడటం మొదలెట్టింది. లోపల రేసు కార్ల క్యామ్‌షాఫ్ట్ అనే కడ్డీ బిగించిన ఇంజను అలాగే మోగుతుంది. ఆ మోతంటే అక్కడివాళ్లు చెవికోసుకుంటారు. ఇంకేముంది, జనం బ్యూక్‌ని వదిలేసి పాంటియాక్ చుట్టూ మూగారు. నాడి సంగతి ఒక్కడికీ గుర్తు రాలేదు. ఏం క్యామ్ వేయించావని అడిగితే వెర్లిన్ గుంభనంగా నవ్వి ఊరుకునేవాడు.

లీలండ్‌కి ఒళ్లు మండిపోయింది. కుళ్లుకున్నాడు, ఇందులో దాచేదేముంది. కుళ్లుకుంటూనే ఆ మోతని శ్రద్ధగా విన్నాడు. అప్పుడు గుర్తొచ్చింది. చలికాలంలో ఆ ఇంజను ఇద్దరూ కలిసే విప్పారు. పాత క్యామ్‌నే తుడిచి తన చేతులతో బిగించాడు.

"బావా, నువ్వు క్యామ్ మార్చలేదు."

"అరవకు, జనం వింటారు," అన్నాడు వెర్లిన్ పళ్ల బిగువున.

"అది ఇంజను కాదు, నీ గుండె. పద ఆసుపత్రికి."

"నా బండికి పేరొస్తే ఓర్వలేవు. నిన్ను కట్టుకునే ముందే చెప్పాను మా చెల్లి ఆర్లీన్‌కి."

లీలండ్ బతిమాలాడు, తిట్టాడు. వెర్లిన్ కుర్చీలోంచి లేస్తేగా. ఇంతలో మోత మధ్య ఒక దెబ్బ పడకుండానే పోయింది. లీలండ్‌కి పైప్రాణాలు పైనే పోయాయి. గబగబా మడతకుర్చీ ఎక్కి నిలబడ్డాడు.

"అందరూ వినండి. జీటీఓనే గొప్ప. నా బ్యూక్ దాని కాలిగోటికి కూడా చాలదు."

అందరూ కాఫీ తాగడం ఆపేశారు. వెర్లిన్ తెరిచిన నోరు మూయలేదు.

"మళ్లీ చెప్పు."

"దార్లో చెబుతా, నా బండెక్కు."

ఎక్కాడు. ప్రతి సిగ్నల్ దగ్గరా చెప్పించుకున్నాడు. ఆ పూట దాటితే మనిషి దక్కేవాడు కాదన్నారు డాక్టర్లు. ఛాతీలో పేస్‌మేకర్ పెట్టి పంపారు.

మళ్లీ డోనట్ల కొట్టుకి వచ్చిన రోజున జీటీఓ బుద్ధిగా, ఒకే లయలో మోగింది. దాని దగ్గర ఒక్కడూ ఆగలేదు. వెర్లిన్ మొహం మాడ్చుకున్నాడు.

"ఆ రోజు అన్న మాట ఇంకోసారి అనవోయ్."

లీలండ్ జీటీఓ మీద చెయ్యి ఆనించి చాలాసేపు ఉంచాడు. ఒక్క దెబ్బా తప్పడం లేదు. కళ్లు తుడుచుకున్నాడు.

"అనను బావా," అన్నాడు. "నువ్వు బాగుపడ్డావుగా. ఇక నాదే గెలుస్తుంది."