ఇస్త్రీ చేసిన వార్డు

పెళ్లయి నెల తిరగకుండానే అత్తగారికి పక్షవాతం వచ్చింది. దాంతో ఆ కొత్త కోడలి కాపురం ఆసుపత్రి మెట్ల మీద మొదలైంది. అయినా ఆ పిల్ల ముఖం వేలాడేసుకుని కూర్చునే రకం కాదు. మెట్ల మలుపులో కిటికీ పక్కన మొగుడూ పెళ్లాలిద్దరూ ఒకే గ్లాసులో టీ తాగుతారు. బన్ను రెండు ముక్కలు చేసి పెద్ద ముక్క నాదంటే నాదని పోట్లాడుకుంటారు. చివరికి ఇద్దరూ చిన్న ముక్కకే చెయ్యి చాపుతారు. ఆ నవ్వు పెదాల మీద ఆరకముందే ఆమె వార్డులోకి వెళ్తే, మంచం మీది అత్తగారు ఎడమ కనుబొమ్మ ఎత్తుతుంది. 'బాగానే ఉంది సంబరం' అని దానర్థం.

అత్తగారికి మాట పోయింది, మింగడం పోయింది, కుడి చెయ్యి పడిపోయింది. మిగిలినవల్లా ఆ కనుబొమ్మా, ఎడమ చెయ్యీ. ఎడమ చెయ్యే కదా అని తీసిపారెయ్యడానికి లేదు. కాపురానికొచ్చిన నాటినుంచీ ఇంటి తాళాల గుత్తిని ఎవరికీ వదలని మనిషి ఆవిడ. దుప్పటి అంచు పట్టుకుందంటే విడిపించడం ఎవరి తరమూ కాదు. పాలూ పిండీ కలిపిన ఆహారాన్ని ముక్కులోంచి కడుపులోకి వేసిన గొట్టంలో పోస్తారు. ఆ పోసే మనిషి వంక ఆవిడ చూసే చూపులో మాత్రం, ఉప్పు సరిచూశావా అన్న ప్రశ్న ఇంకా అలాగే ఉంది.

గొట్టం వేసిన కొత్తలోనే ఆవిడకు న్యుమోనియా వచ్చి, చావు అంచుదాకా తీసుకెళ్లి వదిలిపెట్టింది. హెడ్ నర్సు అప్పుడు అందరూ వినేలా ఒక మాట అంది. గొట్టం ఉన్నవాళ్ల నోట్లో ఏమీ పోయకూడదని చెప్పినా ఇంటివాళ్లు వినరనీ, చాటుగా ఎవరో ఏదో తాగించి ఉంటారనీ. ఆ 'ఎవరో' ఎవరన్నది ఆడపడుచు ఇట్టే తేల్చేసింది. ఆడపడుచు అర్ధమొగుడని ఊరికే అన్నారా? అమ్మకి కాఫీ అంటే ప్రాణమని తెలిసి, మంచి కోడలనిపించుకోవడానికి కొత్తపెళ్లికూతురు రెండు చుక్కలు పోసిందని బంధువులందరికీ ఫోన్లు చేసింది. నిప్పు లేనిదే పొగ రాదంది. ఏమ్మా, పోసిందా అని తల్లినే అడిగింది. తల్లి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ నీళ్లనే సాక్ష్యం కింద రాసేసుకుంది.

కోడలు పోయలేదు. పోయలేదని ఎన్నిసార్లు చెప్పినా, మొగుడు సైతం "పోనీలే, జరిగిందేదో జరిగింది" అన్నాడు. ఆ 'పోనీలే' ఆమెకు కాఫీ నింద కంటే ఎక్కువ గుచ్చుకుంది.

అందుకే ఆమె వార్డులోని చిన్న డాక్టరమ్మను పట్టుకుని అసలిది ఎలా వస్తుందని అడిగింది. డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. గొట్టం కడుపులోకి పోతుంది కనక ఊపిరితిత్తులకేం భయం లేదనుకుంటారు గానీ, గొట్టం గొంతుకు మూత కాదు. కడుపు నిండా పోసి వెల్లకిలా పడుకోబెడితే లోపలిది పైకి ఎగదన్నుతుంది. మింగలేని మనిషి దాన్ని దగ్గి బయటికి తెచ్చుకోలేదు. అది జారి ఊపిరితిత్తుల్లో పడుతుంది. అందుకని పోసేటప్పుడూ, పోశాక చాలాసేపటిదాకానూ, తలవైపు మంచం ఎత్తి వాలుకుర్చీలో కూర్చున్నట్టు ఉంచాలి. ఇక నోరు. తినని నోటికి తోమడం దేనికని వదిలేస్తే, అక్కడ పేరుకున్న మురికి ఉమ్మితోపాటు కిందికి జారుతుంది. అదీ ప్రమాదమే.

అంతే, ఆ రోజునుంచి కోడలు మెత్తటి బ్రష్షు కొని, ఎక్కువ నీళ్లు లేకుండా, పొద్దునా సాయంత్రం అత్తగారి పళ్లూ నాలుకా శుభ్రం చేసేది. హెడ్ నర్సు అది చూసి, "భోజనమే లేదు, పళ్లకి ముస్తాబా?" అని నవ్వింది. ఆ నవ్వు కోడలు మర్చిపోలేదు.

వార్డులో అందరూ ఆ హెడ్ నర్సును చాటుగా 'ఇస్త్రీ సిస్టరు' అంటారు. ఆవిడ వార్డులో దుప్పటి మీద ముడత కనిపించదు. మంచాల తల ఎత్తే హ్యాండిళ్లు కాళ్లకు తగులుతున్నాయని అన్నీ ఊడదీయించి, వార్డు మొత్తానికి ఒక్కటి మాత్రం ఉంచి, దాన్ని కూడా అల్మైరాలో పెట్టి తాళం వేసింది. మిగతా రోజుల్లో పాలు పోసే వేళకి దాన్ని తీసి ఆయా చేత మంచాలు ఎత్తిస్తుంది. సోమవారం పెద్ద డాక్టరు రౌండ్లకొస్తాడు. ఆ పూట రోగుల మనుషులందర్నీ బయటికి పంపి తలుపులు మూసేస్తారు. లోపల ఏం జరుగుతుందో బయట ఎవరికీ తెలియదు.

ఆ సోమవారం కూడా కోడలు మొగుడితో మెట్ల మీదకొచ్చి, బన్ను విప్పి, గొడుగు వార్డులో మర్చిపోయానని నాలిక్కరుచుకుంది. వాళ్లిద్దరికీ ఉన్నది ఆ ఒక్క గొడుగే. వానలో దాని కింద ఒకరికొకరు ఒరుసుకుని నడవడం ఆమెకు ఎంతిష్టమో అతనికీ తెలుసు. తెచ్చేసుకుంటానని గబగబా వెళ్లి, తలుపు అద్దంలోంచి లోపలికి చూసి, ఆగిపోయింది.

ఈ చివరనుంచి ఆ చివరిదాకా మంచాలన్నీ చదునుగా, స్కేలు పెట్టి గీసినట్టు ఉన్నాయి. తెల్లటి దుప్పట్లు బిర్రుగా లాగి దోపారు. వాటికింద మనుషులు వెల్లకిలా ఉన్నారు. అత్తగారి మంచం పక్కన ఆయా అప్పుడే ఖాళీ అయిన పాల గ్లాసు కడగడానికి తీసుకెళ్తోంది. అత్తగారి ఎడమ చెయ్యి మంచం కమ్మీ కోసం గాలిలో తడుముకుంటోంది.

పోయినసారి న్యుమోనియా వచ్చింది మంగళవారం. ఆ సంగతి ఇప్పుడు ఆమె నెత్తిన పిడుగులా పడింది. అంటే దాని ముందురోజు, సోమవారం కూడా ఇలాగే. తాను మెట్ల మీద బన్ను తింటూండగా, ఇలాగే.

తలుపు తోసుకుని వెళ్లింది.

"సిస్టర్, మంచం ఎత్తండి. ఇప్పుడే పాలు పోశారు."

"రౌండ్లవగానే ఎత్తుతాం. నువ్వు బయటికెళ్లమ్మా."

"హ్యాండిలివ్వండి, నేనే తిప్పుకుంటాను."

"ఒకళ్లకిస్తే అందరూ అడుగుతారు."

"అడగనివ్వండి. ఊపిరితిత్తులు అందరికీ ఉన్నాయి."

హెడ్ నర్సు వాచీ చూసుకుని, వాచ్‌మన్‌ని పిలిచి గెంటించమంటావా అని బెదిరించింది. అత్తగారి గొంతులో గురగుర మొదలైంది. కోడలు చెప్పులు విడిచింది, చీర కుచ్చిళ్లు పైకి దోపింది, ఆ ఇస్త్రీ దుప్పటి మీదకెక్కి అత్తగారి తలవైపు చేరింది. చంకల కింద చేతులు వేసి లేపబోతే బరువు ఆగలేదు. వెనకాలే వచ్చిన మొగుడు తలుపు దగ్గర నిలబడి చూస్తున్నాడు.

"ఈసారి కూడా పోనీలే అంటారా?"

అతను గబగబా వచ్చి తల్లిని రెండో వైపునుంచి పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి ఆవిడను లేపారు. కోడలు కమ్మీలకు వీపు ఆనించి కూర్చుని అత్తగారిని గుండెలకు వాల్చుకుంది. ఆవిడ సన్నగా దగ్గింది. పెదవి చివర పాలు కనిపించాయి. కొంగుతో తుడిచేసరికి గురగుర మెల్లగా తగ్గింది.

సరిగ్గా అప్పుడే పెద్ద డాక్టరు తన పరివారంతో లోపలికొచ్చాడు. గీసినట్టున్న తెల్లటి వరుసలో మధ్యన ఒక గుట్ట. ఎవరా అమ్మాయి, మంచమెక్కి కూర్చుందేమిటని అడిగాడు. చెబితే వినే రకం కాదు సార్ అంది హెడ్ నర్సు.

"మంచం ఎత్తే హ్యాండిలు అడిగాను డాక్టరుగారూ. ఇవ్వలేదు. అందుకని నేనే మంచాన్నయ్యాను," అంది కోడలు. "కడుపునిండా పోసి, మీరొస్తున్నారని చదును చేశారు. పోయినసారీ ఇంతే. మర్నాటికి న్యుమోనియా. కోడలు కాఫీ పోసిందని నాకు అంటగట్టారు. మీరిక్కడ చూడ్డానికొచ్చేది దుప్పట్లనా, మనుషుల్నా?"

డాక్టరు పక్కకు తిరిగి ఆ వరుసంతా చూశాడు. వార్డంటే ఇలా ఉండాలని వేరే వార్డులవాళ్లకు చూపించిన మనిషి ఆయనే. పైన పటారం, లోన లొటారం అని ఆయనకు ఎవరూ చెప్పలేదు. చిన్న డాక్టరమ్మ వెనక నిలబడి నేల చూపులు చూస్తోంది. వార్డులో పనిచేసేవాళ్లందరికీ తెలిసిన సంగతే ఇది. అదే కోడలి ఒళ్లు మరింత మండించింది. తెలియక చేశారంటే పోనీ అనుకోవచ్చు. తెలిసీ, వారం వారం, ముడతల కోసం.

"సిస్టర్, హ్యాండిల్," అన్నాడు డాక్టరు. తప్పయిందని మాత్రం అనలేదు.

అల్మైరా తెరుచుకుంది. కీచుమంటూ మంచం లేచింది. ఈ గొడవకి తలుపు దగ్గర గుమిగూడిన రోగుల మనుషులు ఇక ఆగలేదు. ముందు మాది, మా ఆయనకి ఇందాకే పోశారు అంటూ లోపలికొచ్చేశారు. కీచుకీచుమంటూ హ్యాండిలు మంచం తర్వాత మంచం తిరిగింది. వార్డు చూస్తూండగానే ఎగుడుదిగుడైపోయింది. కోడలికి ఆ పూట అంత అందమైన దృశ్యం మరొకటి కనపడలేదు.

రౌండ్లు ముగిసి చాలాసేపయ్యాక హ్యాండిలు తిరిగి తిరిగి అత్తగారి మంచం మీదికే వచ్చి చేరింది. హెడ్ నర్సు దాన్ని తీసుకోబోయింది. రాలేదు. అత్తగారి ఎడమ చెయ్యి దాని మీద ఉంది.

"ఇచ్చెయ్యమ్మా," అంది అప్పుడే వచ్చి, మంచం దగ్గర జరిగిందంతా తమ్ముడి నోట విన్న ఆడపడుచు.

అత్తగారు కనుబొమ్మ ఎత్తింది. పిడికిలి బిగిసింది. హెడ్ నర్సు మరోసారి లాగి, నలుగురూ చూస్తున్నారని వదిలేసి వెళ్లిపోయింది. అప్పుడు అత్తగారు ఆ ఇనుప ముక్కను మెల్లగా దుప్పటి మీద ఈడ్చి, కోడలి ఒళ్లోకి నెట్టింది.

ఆడపడుచు కాసేపు దుప్పటి అంచు సర్దింది. "ఆ కాఫీ సంగతి..." అని మొదలుపెట్టింది.

"అదెక్కడికీ పోదు వదినా, తీరిగ్గా అడుగుతాను. ఆ ఫోన్లన్నీ మళ్లీ చెయ్యాలి మీరు," అంది కోడలు. "ముందు ఆ బ్రష్షు ఇలా అందుకోండి. అత్తయ్య నోరు శుభ్రం చెయ్యాలి. ఇవాళ మీరు చేద్దురుగాని, నేను చూపిస్తాను."